అల్పపీడనం, ఆరెంజ్ హెచ్చరిక: ఉప్పుటేరు, కొల్లేరు పక్క ఊళ్లకు ముంపు ఎంతవరకు?

కలిదిండి కుర్రాడు (సోమవారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మా నాన్నా కలిదిండి దగ్గర పల్లెలో ఉంటారు. కొంత సొంత చేను, కొంత కౌలు, మొత్తం స్వర్ణ రకం వరి. గింజ గట్టిపడింది, కోతకు వచ్చేసింది. ఇప్పుడేమో నైరుతి, దానిని ఆనుకుని ఉన్న పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. వాయుగుండంగా బలపడుతుందని, మా జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక అని టీవీలో ఒకటే మోత. నాన్న రాత్రి ఫోన్ చేసి "కోయించెయ్యమంటావా, ఉంచమంటావా?" అని అడిగారు. సేద్యం విషయంలో ఆయన నన్నెప్పుడూ సలహా అడగలేదు. ఆయనకే పాలుపోవడం లేదని అర్థమైంది.

మా చేను పల్లం. పక్కనే మురుగు కాలువ, అది పోయి, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులో కలుస్తుంది. తెలిసినవారు చెప్పండి. ఎన్ని సెంటీమీటర్ల వాన పడితే మాకు ప్రమాదం?

వానలెక్క (సోమవారం, ఉదయం 8:25)

ముందు హెచ్చరికను ఎలా చదవాలో చెబుతాను. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజుకు 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అంతకు మించితే అత్యంత భారీ. రోజు అంటే ఉదయం ఎనిమిదిన్నర నుంచి మరునాడు ఎనిమిదిన్నర వరకు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని.

చాలామంది దాటవేసే ముక్క ఇంకొకటి ఉంది. బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు" అని రాస్తారు. ఆ మాటలకు ఒక కొలత ఉంది. జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడేదాన్ని "ఒకటి రెండు చోట్ల" అంటారు. సగం లోపైతే "కొన్ని చోట్ల", ముప్పావు లోపైతే "చాలా చోట్ల". టీవీ వారు ఆ ముక్క కోసేసి "జిల్లాను ముంచెత్తనున్న వాన" అని చదువుతారు. మీ ఊరు ఆ నాలుగో వంతులో పడుతుందో లేదో ఇవాళ ఎవరూ చెప్పలేరు. రేపు సాయంత్రానికి మచిలీపట్నం రాడార్‌లో మేఘాల వరుస కనిపించడం మొదలైతే కొన్ని గంటల ముందు చెప్పవచ్చు.

తీరం ఎక్కడ దాటుతుందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. ప్రస్తుతానికి నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య ఎక్కడైనా కావచ్చన్నట్లుంది.

పాత లాకు (సోమవారం, ఉదయం 9:10)

బాబూ, నీ ప్రశ్నకు సెంటీమీటర్లలో సమాధానం లేదు. డ్రెయినేజీ పనిలోనే తల నెరిసినవాడిని కాబట్టి చెబుతున్నాను, విను.

ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీరు. ఇరవై సెంటీమీటర్లైతే ఎకరానికి 8 లక్షల లీటర్లు. అదే ఇరవై సెంటీమీటర్లు వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద పడితే దాదాపు 7 టీఎంసీలు. ఒక టీఎంసీ బయటికి పోవాలంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా ఆగకుండా పారాలి. నవంబరులో మన నల్లరేగడి అప్పటికే తడిసి ఉంటుంది. భూమి తాగేది తక్కువ, అంతా పారవలసిందే. ఎక్కడికి? డెల్టాలో వాలు మైలుకు అంగుళాల లెక్కన ఉంటుంది. కాలువ అడుగున ఒక మూర మందాన పూడిక చేరితే ఉన్న వాలు కాస్తా పోయినట్టే.

అందుచేత అడగవలసినవి వేరు. మీ మురుగు కాలువలో గుర్రపు డెక్క కలుపు ఉందా? కిక్కిస గడ్డి పెరిగిందా? కాలువ ఉప్పుటేరులో కలిసే చోట నీటి మట్టం మీ చేనుకంటే కిందుందా, పైనుందా? ఎల్లుండి అమావాస్య. పోటు పెద్దదిగా ఉంటుంది. పోటు సమయంలో ఉప్పుటేరులో నీరు కిందికి కదలదు, ఒక్కోసారి వెనక్కే తంతుంది. ఆటు ఉన్న కాసిని గంటల్లోనే మీ నీరు దిగాలి.

ఎనిమిది సెంటీమీటర్లకే మునిగిన చేలు చూశాను. పదిహేను పడినా రెండో రోజు మధ్యాహ్నానికి గట్లు తేలినవీ చూశాను. తేడా అంతా కాలువ చివర ఉంది.

కలిదిండి కుర్రాడు (సోమవారం, ఉదయం 9:32)

మాస్టారూ, నాన్నకు ఫోన్ చేసి అడిగాను. గుర్రపు డెక్క "మీద నడిచి అవతలి గట్టుకు పోవచ్చు" అన్నారు.

గౌతమి గట్టు (సోమవారం, ఉదయం 10:05)

మా కోనసీమలోనూ అదే గోల. కౌశిక డ్రెయిన్ వెంట వెళ్లి చూడండి, పచ్చిక బయలు అనుకుంటారు. డెక్క తీసే పని వానాకాలం వచ్చాక మొదలవుతుంది. ఎగువన తీసిన డెక్కను ఒడ్డుకు చేర్చకుండా అక్కడే వదిలేస్తారు, అది తేలుతూ దిగువన వంతెన కింద చేరుతుంది. తీసినట్టు బిల్లు అయిపోతుంది. వచ్చే ఏడు మళ్లీ అదే డెక్క, మళ్లీ అదే బిల్లు.

మైలాపూర్ తెలుగు (సోమవారం, ఉదయం 11:20)

చెన్నై నుంచి రాస్తున్నాను. పాత లాకు గారి మాటకు మా ఊరే సాక్ష్యం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చెన్నైలో తీరం దాటనే లేదు. మా ఎదురుగా సముద్రంలో మెల్లగా కదులుతూ వాన కుమ్మరించింది. సముద్రం పొంగి ఉండటంతో అడయారు, కూవం నీరు బయటికి పోలేదు. వేళచ్చేరి, పళ్లికరణై రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తుఫానే డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటి మీ వరి కుప్పలను ముంచింది. రెండు రాష్ట్రాల వారికీ ఒకే తుఫాను రెండు రకాలుగా అర్థమైంది.

2015 సంగతి వేరు. అప్పుడు తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది, పైన చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారు. అంత వానకు ఏ కాలువ బాగున్నా ఊరు మునిగేదే. కాబట్టి తప్పంతా కాలువలదే అనడం కూడా సరికాదు.

పాత లాకు (సోమవారం, మధ్యాహ్నం 12:02)

ఒప్పుకుంటాను. 49 సెంటీమీటర్లకు సమాధానం చెప్పే కాలువ ఏ ఇంజనీరూ గీయలేడు. నేను చెప్పేది ఏటా వచ్చే పది, పదిహేను సెంటీమీటర్ల సంగతి. ఆ మాత్రం వానకు మునగడం మన చేతకానితనం.

చెరువు గట్టు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

ఇంకాసేపట్లో ఎవరో ఒకరు "చేపల చెరువుల వల్లే ముంపు" అంటారని తెలిసి ముందే వచ్చాను. మాది కైకలూరు వైపు. చెరువు గట్లు ఎత్తుగా ఉంటాయి నిజమే. కానీ మా చెరువుల్లో పడిన వాన మా చెరువుల్లోనే ఆగుతుంది. నీటి మట్టం ఒక అడుగు తగ్గించి పెట్టుకుంటే అంత మేర వాన నీటిని మేమే నిల్వ చేసినట్టు. వరి రైతు నీరు కాలువలోకి తోడతాడు, మేము ఆపుతాము. మరి ముంచేది ఎవరు?

పాత లాకు (సోమవారం, మధ్యాహ్నం 1:48)

చెరువు గట్టు గారూ, మీ చెరువులో పడిన నీటి మాట సరే. మీ చెరువు లేనప్పుడు ఆ స్థలం మీదుగా పారిన నీటి మాటేమిటి? కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దిగుతాయి. పైన మైలవరం, చింతలపూడి మెట్టల్లో, తమ్మిలేరు అయితే తెలంగాణ ఖమ్మం జిల్లా నుంచి మొదలు, పడిన వానంతా ఇక్కడికే రావాలి. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు, సుమారు 60 కిలోమీటర్ల దూరం. ప్లస్ ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చెరువుల గట్లు పేల్చారు. ఆ తరువాత ఎన్ని మళ్లీ లేచాయో మీకు తెలియదా?

కాంటూరు బయట జిరాయితీ (సొంత పట్టా) భూమిలో చెరువు తవ్వుకున్నవారిని నేను ఏమీ అనను. లోపల గట్లు వేసినవారు వరద దారిలో గోడ కట్టినట్టే.

చెరువు గట్టు (సోమవారం, మధ్యాహ్నం 2:30)

2006లో గట్లు పోయిన వాళ్లలో సొసైటీ చెరువుల మీద బతికే వడ్డి కులంవారు, దళితులు ఎందరో ఉన్నారు. వాళ్లకిచ్చిన హామీలు ఏమయ్యాయో ఆ లెక్క కూడా తీయండి మాస్టారూ. పెద్ద చేతుల కింద ఉన్న చెరువుల విషయంలో మీతో నాకు పేచీ లేదు. గట్టు గట్టుకూ తేడా ఉందని మాత్రం గుర్తించండి.

పాత లాకు (సోమవారం, మధ్యాహ్నం 2:41)

అది న్యాయమైన మాట.

పాయకాపురం (సోమవారం, సాయంత్రం 5:50)

బుడమేరు పేరు వినగానే ఆగలేకపోయాను. 2024 ఆగస్టు 31 శనివారం రోజంతా విజయవాడలో వాన. ఆదివారం తెల్లవారేసరికి వాన బాగా తగ్గింది. హమ్మయ్య అనుకుని పాలప్యాకెట్ కోసం దిగితే మెట్ల దగ్గర నీళ్లు. గంట తిరిగేసరికి నడుము లోతు. సింగ్‌నగర్, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, మా పాయకాపురం, అన్నీ అంతే. వాన పడుతున్నప్పుడు రాని నీరు ఆగాక ఎలా వచ్చిందని మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు.

తరువాత తెలిసింది. వెలగలేరు దగ్గర బుడమేరును మళ్లించి డైవర్షన్ చానల్ ద్వారా కృష్ణలోకి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కలుపుతారు. ఆ చానల్ సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. వచ్చింది దానికి రెట్టింపు పైమాటే. చానల్ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. అటు కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పోతోంది, కట్టిన 1957 నుంచి అంత ప్రవాహం ఎన్నడూ లేదు. నది అంత ఎత్తున ఉంటే చానల్ నీరు దానిలోకి ఎలా దిగుతుంది? దిగలేక మా మీదికి వచ్చింది.

మాకు డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. మంచి పనే. కానీ ముందురోజు రాత్రి ఎవరైనా మైకులో "పైకి వెళ్లండి" అని చెప్పి ఉంటే ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు, ఇంటి కాగితాలు మిగిలేవి.

కలిదిండి కుర్రాడు గారూ, మీ నాన్నగారికి చెప్పండి. మీ ఊళ్లో వాన ఆగిందని సంబరపడవద్దు. పైన మెట్టలో ఎంత పడిందో చూసుకోవాలి.

వానలెక్క (సోమవారం, సాయంత్రం 6:15)

పాయకాపురం గారు చెప్పింది ఈ దారం మొత్తంలో చాలా ముఖ్యమైనది. మైలవరంలో ఎంత పడిందో, చింతలపూడిలో ఎంత పడిందో ఆ సాయంత్రమే తెలుసుకోవాలి. మెట్ట నీరు కొల్లేరుకు చేరి, ఉప్పుటేరు నిండి, మీ కాలువను వెనక్కి తన్నడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. అప్పటికి టీవీలో వేరే వార్త నడుస్తుంటుంది.

డాలస్ దూరం (సోమవారం, రాత్రి 9:30)

మా అమ్మ మచిలీపట్నంలో ఒంటరిగా ఉంటుంది. ఇప్పుడే ఒక వీడియో వచ్చింది, ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలు ఢీకొంటున్నాయి! పరిస్థితి అంతదాకా వచ్చిందా? ఆమెను విజయవాడ పంపించాలా?

[వీడియో తొలగించబడింది]

నిర్వాహకుడు (సోమవారం, రాత్రి 9:41)

ఆ వీడియో 2024 సెప్టెంబరు నాటిది. తొలగించాను. ఈ దారంలో వీడియో పెట్టేవారు అది ఏ తేదీదో, ఏ ఊరిదో రాస్తేనే ఉంచుతాను. ఫార్వర్డ్ చేసిన స్వర సందేశాలు అసలే వద్దు.

దివి తాత (మంగళవారం, ఉదయం 5:30)

డాలస్ బాబూ, కంగారు పడకు. ఇప్పటికి ఇది వాన సమస్య. బందరుకు ఉప్పెన హెచ్చరిక వస్తే అది వేరే సంగతి. ఆ రెంటికీ తేడా తెలుసుకో.

1977 నవంబరు 19, శనివారం. మాది నాగాయలంక పక్క. అప్పుడు నేను హైస్కూలు పిల్లవాడిని. రేడియోలో తుఫాను అన్నారు. తుఫాను అంటే గాలి, వాన అనుకున్నాం, పాక మీద తాళ్లు వేసి బిగించాం. సముద్రం ఊరి మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. దివిసీమ అంతా కలిపి అధికారిక లెక్కే పదివేలకు దగ్గరగా ఉంది, అసలు ఎందరు పోయారో లెక్క వేసే మనిషి మిగలని ఊళ్లున్నాయి. మాది కాస్త మెరక కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను.

ఆ తరువాతే తీరం వెంట తుఫాను రక్షిత కేంద్రాలు లేచాయి. 2014లో విశాఖ మీదికి హుద్‌హుద్ వచ్చినప్పుడు అంత గాలికీ చనిపోయినవారు పదుల్లోనే ఉన్నారంటే, జనాన్ని ముందుగా కదిలించబట్టే.

వాన నీరు మెల్లగా లేస్తుంది, మంచం మీద మంచం వేసుకుని ఒక రాత్రి గడపవచ్చు. ఉప్పెన అలా కాదు. "అలలు సాధారణ మట్టంకంటే ఇన్ని మీటర్లు ఎత్తున" అని బులెటిన్‌లో ఒక్క వాక్యం కనిపించినా, కరకట్టకు సముద్రం వైపున ఉన్నవారు చర్చలు పెట్టుకోకుండా లేచి పోవాలి. పశువుల పలుపులు విప్పేసి పోవాలి. కట్టేసినవి కట్టుకొయ్యకే చచ్చాయి మా ఊళ్లో.

డాలస్ దూరం (మంగళవారం, ఉదయం 6:05)

ధన్యవాదాలు తాతగారూ. అమ్మ ఉండేది ఊరి మధ్యలో, రెండో అంతస్తు. నేను ఊరికే ఆమెను భయపెడుతున్నానని చెల్లెలు కూడా తిట్టింది.

పాయకాపురం (మంగళవారం, ఉదయం 7:15)

రెండో అంతస్తు అయితే అక్కడే ఉంచండి. ప్రయాణంలో చిక్కుకోవడమే ఎక్కువ ప్రమాదం. బీపీ, షుగరు మాత్రలు పదిహేను రోజులకు సరిపడా, తాగే నీరు బిందెల్లో, ఫోను చార్జింగ్, ఇంటి దస్తావేజులు ప్లాస్టిక్ సంచిలో. లిఫ్టు వాడవద్దని చెప్పండి, కింద నీరు చేరితే లిఫ్టు గుంతలోకే ముందు దిగుతుంది. బండి నీళ్లలో ఉంటే ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయకూడదు. ఇంజనులోకి నీరు పోతే బీమావాళ్లు కొర్రీ పెడతారు. అవసరమైతే 112 గానీ 1070 గానీ.

గౌతమి గట్టు (మంగళవారం, ఉదయం 8:40)

ఎవరో నాకు వేరుగా సందేశం పెట్టి "గోదావరి కూడా పొంగుతుందా" అని అడిగారు. ఇక్కడే చెబుతాను. మా లంకలకు వచ్చే వరద జులై, ఆగస్టు వ్యవహారం. అప్పుడు మాకు ఇక్కడ చుక్క పడకపోయినా మునుగుతాము. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటింది. 1986లో 75 దాటింది. భద్రాచలం నుంచి నీరు మా దగ్గరికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది కాబట్టి లంకల్లో వాళ్లు అక్కడి అడుగులు విని ఇక్కడ బియ్యం మూట అటక మీద పెడతారు. కనకాయలంక కాజ్‌వే మునిగిందంటే ఇక పడవే.

నవంబరులో మాకు భయం నదితో కాదు, గాలితో. 1996 నవంబరు 6 తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కూలిన కొబ్బరి చెట్లకు లెక్కే లేదు. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, వరి రైతుకు వచ్చే పంట ఉంటుంది.

కలిదిండి కుర్రాడు (మంగళవారం, ఉదయం 9:00)

అందరికీ ధన్యవాదాలు. మరి కోత సంగతి? పక్క చేలవాళ్లు కొందరు రాత్రికి రాత్రి మనుషులను పెట్టి కోయిస్తున్నారట.

పాత లాకు (మంగళవారం, ఉదయం 9:20)

కోయించి పనలు చేలోనే పరిస్తే అంతకన్నా నష్టం లేదు. నీళ్లలో పడి ఉన్న పనలో గింజ మొలకెత్తుతుంది. నిలిచిన చేను పడిపోయినా కొంతైనా దక్కుతుంది. కోసినది కోసినట్టు కళ్లానికి చేర్చి, కుప్పవేసి, బరకాలు కప్పగలిగితేనే కోయాలి. వాన ఇంకో రోజులో ఉందనగా కూలీలు, బండ్లు దొరకవు. నా మాటకు వ్యవసాయం తెలిసినవారు ఇంకేమైనా చేరుస్తారా?

చెరువు గట్టు (మంగళవారం, ఉదయం 10:10)

నాకు వరి కూడా ఉంది. కోయవద్దు. చేలో ఉన్న నీరు ఇవాళే తీసివేయండి, మూలల్లో గట్టుకు గండి కొట్టి, మధ్యలో బోదెలు తీసి. చేను పడిపోతే వాన తెరిపివ్వగానే దుబ్బులు నాలుగైదు కలిపి పైకెత్తి కట్టాలి. వెన్నుల మీద ఉప్పు నీరు కొట్టాలి, లీటరుకు 50 గ్రాముల ఉప్పు. మొలక రాకుండా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చెప్పే పద్ధతే అది, మేమూ చేశాము, పనిచేస్తుంది. ఇక తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు కాబట్టి తరువాత ఆరబెట్టడానికి మెరక జాగా ఇప్పుడే చూసుకోండి. రోడ్డు మీద మీకంటే ముందు పది మంది ఉంటారు.

నా సంగతి అడిగేవారు లేరు గానీ చెబుతాను. రాత్రి నుంచి మేత ఆపేశాను. తూములకు వలలు బిగించాను. వాన నీరు పైన తేలి అడుగున ప్రాణవాయువు పడిపోతుంది. కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి. డీజిలు తెచ్చి పెట్టాను. గట్టు తెగనక్కరలేదు, తెల్లవారుజామున రెండు గంటలు కరెంటు లేకపోతే చాలు, ఏడాది కష్టం తెల్లగా తేలుతుంది.

కలిదిండి కుర్రాడు (మంగళవారం, ఉదయం 11:45)

నాన్న కోయించడం లేదు. గట్టు తెంచి నీరు వదులుతున్నారు. ఊరివాళ్లు పాతికమంది కలిసి వంతెన దగ్గర గుర్రపు డెక్క లాగుతున్నారట, ఒక పొక్లెయిన్ తెప్పించి చందాలు వేసుకున్నారు. ఎకరానికి ఇంత అని. కౌలు చేనుకు చందా నేనివ్వాలా, భూమి యజమాని ఇవ్వాలా అని అక్కడే ఒక పంచాయితీ నడిచింది.

గౌతమి గట్టు (మంగళవారం, మధ్యాహ్నం 12:10)

యజమానే ఇవ్వాలి. ఇవ్వడు.

పాత లాకు (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

ఒక్క మాట. లాగిన డెక్కను గట్టు మీద కాదు, గట్టు అవతల వేయించండి. వాన పడితే మళ్లీ జారి కాలువలోకే దిగుతుంది. వంతెన కానాల్లో (నీరు పోయే కంతల్లో) చిక్కుకున్న కొమ్మలు, సంచులు ముందు తీయించండి. నాలుగు కిలోమీటర్ల కాలువ శుభ్రం చేసే సమయం లేనప్పుడు ఒక్క వంతెన నోరు తెరవడమే మేలు.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట 1960ల్లో డెల్టా ముంపును పరిశీలించిన మిత్రా కమిటీ కాలం నుంచి ఉంది. వేసవిలో ఉప్పునీరు కొల్లేరులోకి ఎగబాకకుండా అవి అవసరమే. కానీ కట్టేటప్పుడు వరద పోయే వెడల్పు తగ్గకూడదు. తలుపులు ఎత్తడానికి మనిషి రాత్రిపూట కూడా అక్కడే ఉండాలి. తలుపులు తుప్పు పట్టి ఎత్తలేకపోయిన తూములను నేను బోలెడు చూశాను. కట్టిన రోజు ఫొటో దిగేవారు ఎక్కువ, గ్రీజు పూసేవారు తక్కువ.

మైలాపూర్ తెలుగు (మంగళవారం, సాయంత్రం 4:20)

మా దగ్గర పొద్దున్నుంచి ముసురు. గాలి లేదు. మీ వైపు జరుగుతోందనుకుంటున్నాను.

వానలెక్క (బుధవారం, ఉదయం 9:15)

వాయుగుండంగానే ఉంది, తుఫాను కాలేదు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను అంటారు, అంతదాకా రాలేదు. అసలు వాన మనకు దక్షిణంగా, బాపట్ల వైపు ఎక్కువగా ఉంది. కృష్ణా, ఏలూరు జిల్లాల్లో చాలా చోట్ల భారీ వర్షం పడింది. అతి భారీ ఒకటి రెండు చోట్లే. మైలవరం, చింతలపూడి వైపు తక్కువ. పాయకాపురం వారు ఇవాళ నిద్రపోవచ్చు.

పాయకాపురం (బుధవారం, ఉదయం 9:50)

రాత్రంతా మా వీధిలో ఎవరూ పడుకోలేదు. వాన చప్పుడైతే చాలు, జనం టార్చిలైటు పట్టుకుని బుడమేరు వంతెన దగ్గరికి వెళ్లి చూసి వస్తున్నారు. 2024 తరువాత అందరికీ ఇదొక అలవాటైపోయింది.

కలిదిండి కుర్రాడు (గురువారం, ఉదయం 8:10)

రాత్రి మా ఊళ్లో బాగా పడింది. చేను మూడో వంతు పడిపోయింది. వంతెన దగ్గర కాలువ పారుతోంది. నిన్న పోటు వేళ నీరు ఎగదన్ని గట్టు అంచుదాకా వచ్చిందట, తెల్లవారుజామున ఆటు తగలగానే దిగడం మొదలైందని నాన్న చెప్పారు. మాకు దిగువన, డెక్క తీయని పక్క ఊరి కాలువ కింద చేలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. వాళ్లు మా ఊరి మీద కోపంగా ఉన్నారు, మా నీరు వాళ్ల మీదికి తోశామని.

పాత లాకు (గురువారం, ఉదయం 8:35)

వాళ్ల కోపంలో అర్థం ఉంది. ఎగువవాడు కాలువ తెరిస్తే దిగువవాడు కూడా తెరవాలి. అందుకే ఈ పని ఊరి చందాలతో జరగకూడదు, ఉప్పుటేరు నుంచి ఎగువకు వరుసగా, మే నెలలో జరగాలి. ఇప్పుడైనా మీ పొక్లెయిన్‌ను వాళ్ల వంతెన దగ్గరికి పంపించండి. ఖర్చు వాళ్లిస్తారు. ఇవ్వకపోయినా పంపించండి, మీ నీరు కూడా అటే పోవాలి.

చెరువు గట్టు (గురువారం, ఉదయం 9:05)

ఉప్పు నీరు ఇవాళే కొట్టించండి, ఎండ వచ్చేదాకా ఆగవద్దు. మాకు కరెంటు రాత్రి నాలుగు గంటలు పోయింది. డీజిలు ఆదుకుంది.

కలిదిండి కుర్రాడు (గురువారం, సాయంత్రం 6:40)

పొక్లెయిన్ మధ్యాహ్నం వాళ్ల వంతెన దగ్గరికి వెళ్లింది. పడిన దుబ్బులు కట్టించడానికి కూలీలు దొరకలేదు, అమ్మా నాన్నా ఇద్దరే కట్టగలిగినంత కట్టారు. రేపు రాత్రి బస్సుకు నేను బయలుదేరుతున్నాను. ఇక కోత మిషన్ సంగతి. నేల ఆరేదాకా టైర్ల మిషన్ దిగదు, చైన్ మిషన్ కావాలి. ఇక్కడ అందరూ ఒకేసారి అడుగుతున్నారు, గంట రేటు ఇప్పుడే పెంచేశారు. కైకలూరు, ఆకివీడు వైపు ఎవరి దగ్గరైనా వచ్చే వారం ఖాళీ ఉంటే దయచేసి నాకు వేరుగా సందేశం పెట్టండి.

చెరువు గట్టు (గురువారం, సాయంత్రం 7:00)

మా బావమరిది దగ్గర ఒకటి ఉంది. మంగళవారం దాకా బుక్ అయింది, బుధవారం నుంచి ఇప్పించగలను. సందేశం పెట్టాను, చూసుకోండి.